శుభమ్ ఫోను నడిచిన తోవ

ఓదెమ్మ పోయాక ఆమె బిస్సీ మూతపడింది. ఆ పొయ్యి మీద మళ్లీ ఎవరూ గిన్నె పెట్టలేదు. సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, కరీంనగర్ జిల్లా నుంచి మహారాష్ట్రలోని భివండికి వచ్చి, భార్యాబిడ్డలను ఊళ్లోనే వదిలి పదిమంది ఒక ఖోలీ గదిలో పడుకునే మగవాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు అది. గల్లీలో బిస్సీలు ఇంకా ఉన్నాయి. కానీ పప్పులో బెల్లం వేయని బిస్సీ అదొక్కటే. ఆమె చేతి చింతపులుసు తిన్నవాళ్లు ఇప్పటికీ ఎక్కడైనా ఎదురుపడితే ముందుగా ఆ పులుసు సంగతే ఎత్తుతారు. తరువాత ఆమె తిట్ల సంగతి.

తిట్టకుండా ఆమె ఎవరికీ వడ్డించలేదు. "ఏందిరా, పెండ్లికూతురు లెక్క ముద్దలు లెక్కవెడుతున్నవ్? మింగు. పొద్దందాక సాంచా ముంగట నిలవడాలె" అనేది. ఎవరైనా కూర బాగుందంటే, "బాగుంటదిరా, మీ అవ్వ వండితె ఇంకింత బాగుంటది, పో, ఊరికి పోయి తినిరా" అనేది. అన్నవాడు నవ్వి ఇంకాస్త పెట్టించుకునేవాడు.

పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు ఈ ఊరు ఆమెకు పట్టలేదు. గోడ అవతల సాంచాలు ఆడుతుంటే ఇవతల గిన్నెలు వణికేవి. "ఇదేం ఊరే అవ్వా, మొగనితోని గుసగుస వెడితె గూడ ఒర్రాలె" అని తాముండే చాళీలో, ఆ వరస గదుల్లోని ఆడవాళ్లందరినీ నవ్వించింది. భర్త యాదయ్య రోడ్డుకు అవతలి షెడ్డులో సాంచా నడిపేవాడు. ఆమె వంట అయ్యాక మగ్గానికి పెట్టే నూలు కండెలు చుట్టేది. కండెలు చుడుతూనే కొడుకును కన్నదని చాళీలో అనుకునేవారు. అది నిజం కాదు గాని, నిజానికి చాలా దగ్గర. నొప్పులు మొదలైనాక కూడా చేతిలో ఉన్న కండె పూర్తిచేసి లేచిందట.

కొడుక్కు శుభమ్ అని పేరు పెట్టింది యాదయ్య కాదు, మరాఠీ బడి పంతులమ్మ. ఇంట్లో పిలిచే పేరు కనుకరాజు. బడిలో ఆ పేరు నోరు తిరగడంలేదని ఆమె మార్చేసింది. వాడు పది దాకా చదివి, ఆ తరువాత తండ్రి పనిచేసే షెడ్డులోనే సాంచా పట్టాడు. ఓదెమ్మకు అది ఇష్టం లేదు. "నీ బాపు చెవులు సూడు, పిలిస్తె పలుకుతడా? నీకు గూడ గవే చెవులు కావాల్నా?" అని పోరింది. వాడు రెండు చెవుల మీదా చేతులు పెట్టుకుని, "క్యా? ఏమన్నవ్ అవ్వా? వినవడ్తలేదు" అనేవాడు.

చాళీకీ షెడ్డుకూ మధ్య ధామన్కర్ నాకా నుంచి వచ్చే పెద్ద రోడ్డు. నూలు బస్తాలు వేసుకుని వచ్చే ట్రక్కులు, గుడ్డ మూటలతో పోయే టెంపోలు, నీళ్ల ట్యాంకర్లు, ఆటోలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నడుమ సిమెంటు గోడ కట్టారు. నడిచేవాళ్లు దాటడానికి ఎక్కడా దారి వదలలేదు. పాళీ, అంటే షిఫ్టు, మారే వేళ వందలమంది ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ పోవాలి. గల్లీ జనమే ఒక రోజు గడ్డపారలు తెచ్చి తమ గల్లీ మూలకు ఎదురుగా ఆ గోడలో ఒక మనిషి పట్టేంత సందు చేసుకున్నారు. ఆ సందులో నిలబడి, ఇటువైపు బండ్లు తగ్గేదాకా చూసి, ఉరకాలి. ఓదెమ్మ నెత్తిన అన్నం గంప పెట్టుకుని మధ్యాహ్నం ఆ సందులోంచే షెడ్లకు పోయేది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, గంప ఒక చేత్తో పట్టుకుని.

శుభమ్ ఆ సందు దగ్గరే పోయాడు. పాళీ దిగి ఇంటికి వస్తున్నాడు. వర్షం పడుతోంది. సందులోంచి అడుగు బయటపెట్టాడు, ట్యాంకర్ వచ్చింది. అంతకు మించి దాని గురించి ఓదెమ్మ ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరైనా ఎత్తితే లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

వాడి ఫోను మాత్రం చెక్కుచెదరలేదు. జేబులోంచి ఎగిరి రోడ్డు పక్క బురదలో పడింది. కెమెరా ఉన్న చిన్న ఫోను. వాడు ఇష్టపడి కొనుక్కున్నది. పాటల కోసం కుర్రాళ్లంతా ఫోన్లు దగ్గరగా పెట్టుకుని బ్లూటూతులో ఒకరి పాటలు ఒకరు లాక్కునేవారు. వాడు బ్లూటూతు ఎప్పుడూ ఆపేవాడు కాదు. అందులో వాడి గొంతు కూడా ఉంది. షెడ్డులో నిలబడి రికార్డు చేసి, ఆ ఫోనును ఎవరి చేతో ఇంటికి పంపాడు. వెనకాల సాంచాల చప్పుడు, దాని మీదుగా వాడి అరుపు: "అవ్వా, ఆకలైతుంది. జల్ది తేవే. నిన్నటి లెక్క నీళ్లపులుసు తేకు, గట్టిగ తే. నీకు జెప్తున్న, ఇంటున్నవా? ఏయ్, ఎందుకు నవ్వుతున్నర్రా..." అక్కడితో ఆగిపోతుంది.

వాడు పోయిన పదో రోజు దినం అయ్యాక, వాడితో పనిచేసిన పిల్లగాడు వచ్చి ఆ రికార్డు ఎలా పెట్టుకోవాలో ఆమెకు నేర్పాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు.

"చిన్నమ్మా, ఛార్జింగ్ అయిపోనియ్యకు. గిది ఒక్కసారి బందైతే మల్ల నంబరు అడుగుతది. ఖోలీల అందరు వాని ఫోను గుంజుకుంటుండ్రని లాక్ వెట్టిండు. గా నంబరు ఎవలకు తెల్వది."

అప్పటినుంచి ఆ ఫోను ఆగలేదు. కరెంటు కోత ఉన్న రోజుల్లో ఓదెమ్మ ఛార్జర్ పట్టుకుని, జనరేటర్ ఉన్న దుకాణం దాకా పోయేది. పొయ్యి వెలిగించే ముందు ఫోను వెలుగుతోందో లేదో చూసేది. గుడ్డసంచిలో వేసి బొడ్లో దోపుకుని, అన్నం గంపతో పాటు దాన్ని కూడా రోడ్డు దాటించేది. రోజుకు ఒక్కసారి వినేది, అన్నం గంప దించాక, షెడ్డు గోడకు ఆనుకుని. అక్కడ సాంచాల చప్పుడులో వాడు అరిచినా ఇంకెవరికీ వినబడదు.

వాడు పోయిన మరుసటేడు, వానలు వెనకబట్టాక, గల్లీ మూల కరెంటు స్తంభానికి బూడిదరంగు డబ్బా ఒకటి వెలిసింది. రోడ్డుకు అవతల, సందుకు ఎదురుగా ఇంకొకటి. నిచ్చెన వేసి వాటిని బిగించినవాళ్లతో పాటు ఒక అమ్మాయి ఉంది. నాకా దగ్గర కిరాణా కొట్టు విశ్వేశ్వరరావు కూతురు పూనం. ఇంజనీరింగు చదివి ఠాణేలో ఏదో కంపెనీలో చేరిందని అందరికీ తెలుసు. యాదయ్యే ఆమెను అడిగాడు.

"ఏంది బిడ్డా ఇది? మీటరా?"

"కాదు మామా. ఫక్త మోజణీ. నడిచేవాళ్లను లెక్కపెడుతుంది, అంతే."

"డబ్బ ఎట్ల లెక్కవెడుతది? దీనికి కండ్లున్నయా?"

"కళ్లు లేవు, చెవులున్నాయనుకోండి" అని ఆమె నవ్వింది. "బ్లూటూతు పెట్టిన ఫోను దగ్గరికొస్తే దీనికి తెలుస్తుంది. ప్రతి ఫోనుకూ ఒక నంబరుంటుంది. అదే నంబరు ఈ డబ్బాకూ, ఆ డబ్బాకూ తగిలితే ఒక మనిషి రోడ్డు దాటినట్టు. ఎక్కడ ఎక్కువమంది దాటుతున్నారో చూసి, అక్కడ సిగ్నల్ పెట్టి దాటే దారి వేస్తారు. ఇలా ఊళ్లో చాలాచోట్ల పెడుతున్నాం."

ఉన్నదున్నట్టు చెప్పింది పాపం. అదే కొంప ముంచింది.

ఆ గల్లీలో స్తంభం మీద ఏది కనబడ్డా జనానికి ఒకే ఒక భయం. సగం షెడ్లలో కొన్ని సాంచాలు మీటరు మీద నడిస్తే, కొన్ని ఆకడా మీద నడిచేవి. ఆకడా అంటే స్తంభం తీగకు తగిలించి కరెంటు లాగే కొక్కెం. కరెంటువాళ్ల స్క్వాడు ఏ గల్లీలో దిగిందన్న కబురు ఆటోల కన్నా ముందు పరుగెత్తేది. ఆ సాయంత్రం చాయ్ బండి దగ్గర యాదయ్య పూనం మాటలు చెబితే, షెడ్డు యజమాని, ఆసామి కనుకయ్య తల అడ్డంగా ఊపాడు. కనుకయ్య కూడా ఒకప్పుడు సాంచా నడిపినవాడే. చెమటోడ్చి ఆసామి అయ్యాడు గనుక ఉన్నది పోతుందన్న దిగులు అందరికన్నా ఎక్కువ.

"నువ్వు అమాయకునివి యాదన్నా. నడిచేటోళ్లు ఎందరో కండ్లతోని సూస్తె కనవడరా? గంత మాత్రానికి మిషిన్లు వెడుతరా? ఇను. ఒక్క సాంచాకు ఇంత మంది మనుషులు. ఫోన్లు ఎక్కడ జమైతయో గక్కడ సాంచాలున్నట్టు. ఫోన్లు లెక్కవెట్టి, మీటరు తోని మిలాయించి సూస్తరు. దొరికిపోతం."

చాయ్ గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా స్తంభం వైపు తిరిగి చూశారు. ఒప్పుకోక తప్పని తర్కం అది.

"గంత దూరం నేను ఆలోచించలె" అన్నాడు యాదయ్య.

మర్నాటికి కట్టడి అమలైంది. గల్లీలో ఉన్నంతసేపు ఫోన్లు బందు. షెడ్డుకు వచ్చే మనుషులు ఆ డబ్బా కిందినుంచి నడవకూడదు. గైబీ నగర్ వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి రావాలి. ఎన్నేళ్లుగానో జనం కాళ్లతో అరిగిన ఆ సందు, రెండు రోజుల్లో వెలవెలబోయింది. ఓదెమ్మ ఒక్కతే గంప నెత్తిన పెట్టుకుని అక్కడే దాటేది. ఆమె బొడ్లో ఆ ఫోను.

ఎవరో కనుకయ్యతో అన్నారు. ఆయన ఇంటికే వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"వదినె, గా ఫోను బందు వెట్టు. నాలుగు దినాలైతె డబ్బలు పీక్కపోతరు."

"బందు వెడితె మల్ల తెరువది."

"దేశం మీద ఎన్ని ఫోన్లు లేవు. కొత్తది నేనిస్త."

ఓదెమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట దించలేదు.

"కొత్తదాన్ల మావోడు మాట్లాడుతడా కనుకయ్యా?"

"పోరడు పోయిండు వదినె. నేను గూడ మోసిన వాన్ని. ఉన్నోళ్ల కడుపులు సూడు జర."

"నీ సాంచా బందు వెట్టుమంటె వెడుతవా?"

"గది నా బతుకుదెరువాయె."

"ఇది గూడ గంతే" అంది ఓదెమ్మ.

ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుని ఉంటే ఆమె ఇంకొన్నాళ్లు నిలబడి ఉండేది. వెళ్లిపోతూ యాదయ్య భుజం మీద చెయ్యి వేసి, "నువ్వన్న జెప్పు అన్నా" అన్నాడు, అంతే. యాదయ్య ఆమెకు ఏమీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. అలా రెండు పూటలు. వారం గడిచింది. బిస్సీలో తినే మనుషులు కూడా తలెత్తి మాట్లాడడం మానేశారు. తిట్టడానికి ఒక్క సాకు కూడా ఇవ్వకుండా తిని పోతున్నారు. అదే ఆమెను గెలిచింది.

ఫోను ఆపనక్కర్లేని ఉపాయం ఆమే ఆలోచించింది. గైబీ నగర్‌లో ఒక షెడ్డు వెనక ఖోలీలో ఆమె మేనత్త కూతురు పోచవ్వ ఉంది. డబ్బాలకు అందనంత దూరం. వాటిని పీకేదాకా ఫోను అక్కడ ఉంచుతుంది. రోజూ పోయి వింటుంది.

పోచవ్వ ఫోనును రెండు చేతులతో అందుకుంది. "ఏం దినవెట్టాలె దీనికి?"

"కరెంటు."

"ముద్దుగ జూసుకుంట తియ్యి. నా మొగన్ని గూడ గింత పైలంగ జూసుకోలె. జూసుకుంటె ఉంటుండెనేమో."

"నవ్వులాట గాదు పోచవ్వా. దాని బాట్రీ ముసల్ది. పొద్దుగాల పెడితె పొద్దుమీకి దాక గూడ ఆగది. ఛార్జింగ్ గుంజకు."

"గుంజ. గిదే స్విచ్చుల పలక మీద ఉంటది, సూడు."

ఓదెమ్మ తన కళ్లతో వైరు పెట్టి, తెర మీద గీతలు పైకి పాకుతుండడం చూసి వెళ్లింది. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజూ గడిచింది.

మూడో రోజు పొద్దున స్క్వాడు జీపులు నాకా దాటాయని కబురొచ్చింది. వచ్చాయో లేదో ఎవరూ చూడలేదు. డబ్బా చెప్పే ఉంటుందన్నారు. గైబీ నగర్ వెనక గల్లీలో ఆకడాలన్నీ కర్రలతో టపటపా దించేశారు. మీటరు మీది సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. చప్పుడు తగ్గలేదు. పోచవ్వ ఖోలీకి కరెంటు ఆ షెడ్డు నుంచే వస్తుంది, ఆకడా తీగ మీద. పగటిపూట ఆమె దీపం వేసుకోదు. బయట అరుగు మీద కూర్చుని కండెలు సర్దుకుంటోంది. మధ్యమధ్య లోపలికి తొంగి చూసింది. వైరు ఫోనుకే ఉంది. ఇంకో కొస పలకకే ఉంది. చెప్పినట్టే ఉంది కదా అనుకుంది.

అన్నాలు పంచి ఓదెమ్మ వచ్చేసరికి ఎండ వాలింది. ఫోను చేతిలోకి తీసుకుంది. తెర నల్లగా ఉంది. మీట నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"ఛార్జింగ్ గుంజలే అక్కా. ఒట్టు. ఇగో వైరు, సూడు" అని పోచవ్వ లేచి వచ్చింది.

ఓదెమ్మ గోడ మీది బల్బు స్విచ్చి వేసింది. వెలగలేదు. అప్పుడు పోచవ్వకు అర్థమైంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. ఓదెమ్మే ఆమె పక్కన కూర్చుని వీపు రాసింది. "నీదేం లేదు. నువ్వు గుంజలే గదా" అని చాలాసేపు అంటూనే ఉంది.

ఇంటికి తెచ్చి మీటరు కరెంటు మీద పెడితే ఫోను వెలిగింది. వెలిగి, నంబరు అడిగింది.

యాదయ్య వాడు పుట్టిన సంవత్సరం కొట్టాడు. కాదంది. ఖోలీ నంబరు, తన సాంచా నంబరు. బడి పేర్లలో వాడి నంబరు ఎంతో ఇద్దరూ గుర్తుచేసుకోలేకపోయారు. "నువ్వు జెప్పు. నీకే తెలుస్తది" అన్నాడు యాదయ్య. ఓదెమ్మ కళ్లు మూసుకుంది. వాడికి ఏ కూర ఇష్టమో తెలుసు, ఎటు తిరిగి పడుకుంటాడో తెలుసు, ఏ పన్ను ముందు ఊడిందో తెలుసు. వాడి మనసులో ఉన్న ఆ నాలుగు అంకెలు తెలియవు. "కన్నతల్లిని, నాకు తోచాలె గదా" అంది. కొడుకు చనిపోయిన రోజు కూడా ఆమె అంత చిన్నగా మాట్లాడలేదు.

నాకా దగ్గర ఫోన్లు బాగుచేసేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఖుల్ జాయేగా అమ్మా. లేకిన్ అందర్ కా సబ్ ఉడ్ జాయేగా."

తెరుచుకుంటుంది. లోపలిదంతా పోతుంది. ఓదెమ్మ ఫోను వెనక్కి తీసుకుని సంచిలో వేసుకుంది.

డబ్బాలు పీకే రోజు పూనం మళ్లీ వచ్చింది. స్క్వాడు రాలేదు, ఎవరి సాంచాలూ పోలేదు. అది నిజంగా నడిచేవాళ్ల లెక్కేనని అప్పటికి గల్లీకి కొద్దికొద్దిగా నమ్మకం కుదిరింది. ఓదెమ్మ ఆమెను లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చింది.

"ఈడ తోవ ఏస్తరా బిడ్డా?"

పూనం గ్లాసు కింద పెట్టింది. "లేదు అత్తా. నాకా వైపు వేస్తారు. ఈ గల్లీలో దాటేవాళ్లు ఉన్నట్టే రాలేదు. నాకు తెలుసు ఉన్నారని, చిన్నప్పటినుంచి చూస్తున్నా. మా సార్‌కు చెప్పి చూశాను. డబ్బాలో రానిదాన్ని కాగితం మీద ఎలా రాస్తాం అన్నారు. మొదటి రోజు చాలా ఫోన్లు కనిపించాయి. మర్నాటినుంచి ఒక్కసారిగా పడిపోయాయి. ఒకే ఒక్కటి మాత్రం వారం పైన కనిపించింది. మధ్యాహ్నం దాటేది. తరువాత అదీ లేదు."

ఓదెమ్మ చెంబు పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"దాటి ఏమైంది?"

"అంటే?"

"గా ఫోను. అవుతలికి పోయిందా? నడుమల ఆగిందా?"

అదేం ప్రశ్నో పూనంకు అర్థం కాలేదు. అయినా గుర్తు చేసుకుని చెప్పింది. "ఆగలేదు అత్తా. ప్రతిసారీ అవతలికి చేరింది. కాసేపుండి తిరిగొచ్చింది. రోజూ తిరిగొచ్చింది. ఎవరిదో తెలుసా నీకు?"

"ఏమో. గల్లీల ఎందరో ఉంటరు" అంది ఓదెమ్మ.

ఆ సాయంత్రం యాదయ్య పాళీ దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ఆమె పులుసు పోస్తూ, గిన్నెలోకి చూస్తూనే అంది.

"రోజు తిరిగొచ్చిండట."

చెవులు సరిగా వినబడని యాదయ్య తలెత్తాడు. "ఎవడు?"

"మనోడు. సందు దాటి పోయిండట, దాటి వచ్చిండట. ఒక్కనాడు గూడ నడుమల ఆగలేదట. విశ్వేశ్వరరావు బిడ్డ జెప్పింది."

యాదయ్య కలిపిన ముద్ద కలిపినట్టే కంచంలో ఉండిపోయింది. "నువ్వే గదనే దాటింది" అన్నాడు.

"నేనే" అంది ఓదెమ్మ. "తిను. సల్లారుతుంది."